కిలోకు నాలుగు రూపాయలు



2025 ఆగస్టు 2వ తేదీ సాయంత్రం చంద్రగిరి చుట్టుపక్కల పల్లెల్లో పాలకేంద్రం దగ్గరైనా, టీ అంగడి దగ్గరైనా ఒకటే ప్రశ్న: "నీకు పడిందా?" ఆ రోజే ప్రకాశం జిల్లా దర్శి దగ్గర తూర్పు వీరాయపాలెంలో ముఖ్యమంత్రి అన్నదాత సుఖీభవ తొలి విడత విడుదల చేశారు. అదే రోజు వారణాసిలో ప్రధానమంత్రి పీఎం కిసాన్ ఇరవయ్యో విడత విడుదల చేశారు. రాష్ట్రం నుంచి 5 వేలు, కేంద్రం నుంచి 2 వేలు, కలిపి 7 వేల రూపాయలు. రాష్ట్రం మొత్తం మీద దాదాపు 47 లక్షల రైతు కుటుంబాలకు రాష్ట్రం వాటా చేరింది.

పడినవాళ్లు సంతోషించారు. పడనివాళ్లు మర్నాడు పొద్దున్నే పాసుపుస్తకం, ఆధార్ కార్డు, బ్యాంకు పుస్తకం ఒక ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని రైతు సేవా కేంద్రం ముందు నిలబడ్డారు. ఈ రోజు నేను మాట్లాడదలచుకున్నది వాళ్ల గురించి. ప్రభుత్వం రైతుకు ఎంత ఇస్తోంది అన్న చర్చ మనం రోజూ వింటున్నాం. ఆ డబ్బు ఏ కాగితాన్ని పట్టుకుని వస్తోంది, ఆ కాగితం మీద ఎవరి పేరుంది అన్నది మాత్రం ఆ వరుసలో నిలబడ్డవాళ్లకే బాగా తెలుసు. నా దృష్టిలో మొత్తం కథ అక్కడే ఉంది. సాయం కాగితం వెంటే నడుస్తుంది. ఆ కాగితం సేద్యం చేసేవాడి చేతిలో లేకపోతే ఎంత గొప్ప పథకమైనా అతని గడప దాటి పక్కింటికి పోతుంది.

పథకాల సంగతి క్లుప్తంగా చెబుతాను, మీకు చాలామటుకు తెలిసిందే. పీఎం కిసాన్ 2018 డిసెంబరు నుంచి లెక్కలోకి వచ్చింది. ఏడాదికి 6 వేలు, మూడు విడతలు. మొదట రెండు హెక్టార్ల లోపు రైతులకే అన్నారు, 2019 జూన్ నుంచి భూమి ఉన్న రైతు కుటుంబాలన్నింటికీ ఇస్తున్నారు. ఆదాయపు పన్ను కట్టేవాళ్లకూ, నెలకు 10 వేలు, ఆపైన పింఛను తీసుకునే చాలామంది విశ్రాంత ఉద్యోగులకూ లేదు. అప్పటి 6 వేలు ఇప్పటికీ 6 వేలే. కూలి, ట్రాక్టరు బాడుగ, పురుగుమందు ధర మాత్రం అప్పట్లో ఉన్నచోట లేవు. దీనికి తోడుగా మన రాష్ట్రంలో 2019 ఫిబ్రవరిలో అన్నదాత సుఖీభవ వచ్చింది. ఆ ఏడాది అక్టోబరులో దాని స్థానంలో రైతు భరోసా వచ్చి, కేంద్రం వాటాతో కలిపి 13,500 ఇచ్చారు. 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ అన్నదాత సుఖీభవ పేరుతో, కేంద్రం వాటాతో కలిపి 20 వేలు అన్నారు. పేర్లు మారాయి, అంకెలు మారాయి. మారనిది ఒకటే, పట్టాదారు పాసుపుస్తకం. భూమి రికార్డులో ఎవరి పేరుంటే చాలామటుకు వారికే ఈ డబ్బు.

అయితే 2025 వేసవిలో మన ప్రాంతం ఇంకో రకం సాయం చూసింది. అది ఎకరానికి కాదు, కుటుంబానికి కాదు, కిలోకు. దాని గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన తోటల భవిష్యత్తు దాంతో ముడిపడి ఉంది.

తోతాపురి మామిడి ఇంట్లో తినడానికి కోసే కాయ కాదు, ఫ్యాక్టరీకి పోయే కాయ. పాకాల మండలం దామలచెరువు మండీ నుంచి బంగారుపాళెం యార్డు దాకా, చిత్తూరు చుట్టూ ఉన్న గుజ్జు పరిశ్రమల దాకా ఈ కాయ చుట్టూ ఒక పెద్ద వ్యాపారం ఉంది. ఇక్కడి గుజ్జు డ్రమ్ముల్లో నిండి దేశంలోని శీతల పానీయాల కంపెనీలకూ, గల్ఫ్‌కూ, ఐరోపాకూ పోతుంది. 2025లో కాపు విరగకాసింది. సుమారు ఆరున్నర లక్షల టన్నుల దిగుబడి లెక్క వేశారు. అదే సమయానికి అంతకు ముందు ఏడాది గుజ్జు పరిశ్రమల గోదాముల్లో అమ్ముడుపోకుండా మిగిలి ఉంది. ఎగుమతులు మందగించాయి. కొనేవాడికి తొందర లేదు, అమ్మేవాడికి ఆగే వీలు లేదు. కాయ కొనే ర్యాంపుల్లో ధర కిలో ఐదు రూపాయల లోపుకు జారిపోయింది. కోత కూలి, బాడుగ పోను చేతికి ఏమీ మిగలని ధర అది. కొందరు కాయను చెట్టుకే వదిలేశారు.

అప్పుడు రాష్ట్ర ప్రభుత్వం కిలో 12 రూపాయలు రావాలని నిర్ణయించింది. అందులో 8 రూపాయలు ఫ్యాక్టరీ ఇవ్వాలి, 4 రూపాయలు ప్రభుత్వం నేరుగా రైతు ఖాతాలో వేస్తుంది. ఆరున్నర లక్షల టన్నులకు 260 కోట్లు అవుతుందని అంచనా కట్టారు. జూన్ నెలలోనే చిత్తూరు జిల్లా అధికారులు కర్ణాటక నుంచి తోతాపురి రాకుండా సరిహద్దులో ఆపారు. మన కాయకే దిక్కు లేనప్పుడు బయటి కాయ ఎందుకన్నది ఇక్కడి వాదన. కోలారు వైపు రైతు కూడా రైతే కదా, అతని కాయ కూడా ఎన్నో ఏళ్లుగా చిత్తూరు ఫ్యాక్టరీలకే వస్తోంది కదా అన్నది అక్కడి వాదన. కర్ణాటక ముఖ్యమంత్రి మన ముఖ్యమంత్రికి లేఖ రాశారు. జులైలో కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద మన రాష్ట్రానికి 1.62 లక్షల టన్నులకు, క్వింటాలుకు 1,490 రూపాయల 73 పైసల ధర మీద ఆమోదం ఇచ్చింది. కర్ణాటకకు 2.5 లక్షల టన్నులకు, 1,616 రూపాయల ధర మీద ఇచ్చింది. ఆ పథకంలో ఒక రాష్ట్రం దిగుబడిలో నాలుగో వంతుకే సాయం అన్న హద్దు ఉంది. ఆరున్నర లక్షల్లో నాలుగో వంతు ఎంతో చూడండి, ఆ 1.62 లక్షల లెక్క అర్థమవుతుంది. మిగతా మూడు వంతుల కాయకు ఆ కేంద్ర పథకంలో చోటు లేదు.

కాగితం మీద ఇదంతా చక్కగా ఉంది. ఇప్పుడు ఫ్యాక్టరీ గేటు దగ్గరికి పోదాం.

తెల్లవారుజామున చిక్కం కట్టిన గడతో కాయ దించుతారు. తొడిమ విరిగినచోట సొన కారి కాయ మీద చారలు కడుతుంది. మధ్యాహ్నానికి ట్రాలీ నిండుతుంది, సాయంత్రానికి గేటు దగ్గరికి చేరుతుంది. ఆ ఏడాది గేటు దగ్గర ట్రాక్టర్ల వరుస కిలోమీటర్ల పొడవున రోడ్డు పట్టుకుని ఉంది. టోకెన్ ఉన్నా రోజుల తరబడి వంతు రాలేదు. రైతు, డ్రైవరు ట్రాలీ నీడలోనే పడుకున్నారు. రెండో రోజుకు పైవరస కాయ పసుపు తిరిగింది. మూడో రోజుకు అడుగు కాయ మెత్తబడి ట్రాలీ సందుల్లోంచి రసం కారింది, ఈగలు ముసిరాయి. గేటు లోపలికి పోయాక మెత్తటి కాయను ఏరి పక్కన పెడితే ఆ బరువు పోయినట్టే. బండి ఆగినన్ని రోజులకూ బాడుగ అదనం. ఇంత కష్టం తరువాత రైతు చేతికి వచ్చేది ఒక చిన్న చీటీ. దాని మీద బండి నంబరు, తూకం, పేరు. ఆ చీటీయే 4 రూపాయలకు ఆధారం.

ఒక లెక్క చూడండి. లోడు 5 టన్నులు అనుకుందాం. కిలో 12 చొప్పున 60 వేలు రావాలి. అందులో ప్రభుత్వానిది 20 వేలు. గమనించండి, అన్నదాత సుఖీభవ, పీఎం కిసాన్ కలిపి ఒక కుటుంబానికి ఏడాది మొత్తానికి ఇస్తామన్నదీ 20 వేలే. ఒక్క ట్రాక్టరు లోడుకు అంత సాయం అంటే చిన్న విషయం కాదు. ఆ నిర్ణయం తీసుకున్నందుకు ప్రభుత్వాన్ని మెచ్చుకోవాలి, నేను మెచ్చుకుంటున్నాను. మిగతా 40 వేలు ఫ్యాక్టరీ ఇవ్వాలి. ఫ్యాక్టరీ 8 బదులు 5 లెక్క కట్టిందనుకోండి, 25 వేలే వస్తాయి. రైతుకు మొత్తం 45 వేలు. ప్రభుత్వం తన మాట పూర్తిగా నిలబెట్టుకున్నా రైతుకు 15 వేలు గండి పడుతుంది. పరిశ్రమలు 8 రూపాయలు ఇవ్వడం లేదని, బాకీలు తేల్చడం లేదని సీజన్ అయిపోయిన తరువాత కూడా మన జిల్లాల్లో రైతులు రోడ్డెక్కడానికి కారణం ఇదే.

చిక్కు ఎక్కడుందంటే, ప్రభుత్వం ఇచ్చే 4 రూపాయలకు జీవో ఉంది, రిజిస్టరు ఉంది, బ్యాంకు ఖాతా ఉంది. ఫ్యాక్టరీ ఇవ్వాల్సిన 8 రూపాయలకు రైతు చేతిలో ఏముంది? తూకం చీటీ మీద ధర రాయకపోతే ఏమీ లేనట్టే. ధర ఎంత, ఏ తేదీ లోపల ఇస్తారు అన్నది ఆ చీటీ మీదే అచ్చై ఉంటే, అది నోటుతో సమానం. అది చూపించి అడగొచ్చు, కలెక్టరేట్‌లో అర్జీ పెట్టొచ్చు, అవసరమైతే కోర్టుకు పోవచ్చు. ధర లేని చీటీతో ఎవరిని అడిగినా "రేటు ఇంకా తేల్లేదు" అన్న జవాబే వస్తుంది. కాయ మాత్రం గుజ్జై డ్రమ్ములో చేరి ఉంటుంది.

ఈ ప్రమాదం మనకే కొత్తగా ఎదురైంది కాదు. 2017 అక్టోబరులో మధ్యప్రదేశ్ ప్రభుత్వం భావాంతర్ భుగతాన్ యోజన పేరుతో ఇటువంటి పథకమే మొదలుపెట్టింది. మద్దతు ధరకూ మార్కెట్ ధరకూ మధ్య తేడాను రైతు ఖాతాలో వేస్తామన్నారు. తేడా ఎలాగూ సర్కారు ఇస్తుంది కదా అని వ్యాపారులు మండీల్లో ధర ఇంకా తగ్గించారన్న విమర్శ అప్పుడే వచ్చింది. పైగా తేడాను లెక్కగట్టింది సగటు ధరతో. సగటు కన్నా తక్కువకు అమ్ముకున్న రైతుకు ఆ మేరకు నష్టం మిగిలింది. కొన్నాళ్లకు పక్కన పెట్టిన ఆ పథకాన్ని 2025లో సోయాబీన్ కోసం మళ్లీ తెచ్చారు. కిలోకు ఇంత అని ఇచ్చే సాయం తప్పని నేను అనడం లేదు. పండించి అమ్మినవాడికే అది చేరుతుంది, అది దాని బలం. కానీ కొనేవాడి వాటాకు కట్టుబాటు లేకుండా ప్రభుత్వం తన వాటా ఒక్కటే ఇస్తే, ఖజానా సొమ్ము మెల్లగా కొనేవాడి లాభంలోకి జారుతుంది. 4 రూపాయల మీద పెట్టిన శ్రద్ధ 8 రూపాయల మీద ఇంకా ఎక్కువ పెట్టాలి.

మామిడిలో ఇంకో ముడి ఉంది. మన దగ్గర చాలా తోటలు గుత్తకు పోతాయి. పూత మీదో, పిందె మీదో వ్యాపారి వచ్చి తోట మొత్తం ఒక ధరకు మాట్లాడుకుంటాడు. ఆపైన మందు కొట్టడం నుంచి కాయ కోసి అమ్ముకోవడం దాకా గుత్తదారుదే. అప్పుడు ఆ 4 రూపాయలు ఎవరివి? తోట రైతుదా, గుత్తదారుదా? ధర పడిపోయి మునిగింది గుత్తదారు అయినప్పుడు ఒక న్యాయం, గుత్త డబ్బులో సగం ఎగ్గొట్టి గుత్తదారు వెళ్లిపోయినప్పుడు ఇంకో న్యాయం. పాసుపుస్తకం ఒక్కటే చూసే అధికారికి ఈ తేడా కనిపించదు. గుత్త ఒప్పందం నోటిమాటగా కాకుండా ఒక కాగితం మీద ఉండి, సాయం ఎవరిదో అందులోనే రాసుకుంటే సగం తగాదాలు పుట్టవు. వచ్చే పూతకు తోట మాట్లాడేటప్పుడు ఆ ఒక్క వాక్యం రాయించుకోండి.

ఇక పాసుపుస్తకం దగ్గరికి వస్తాను. రైతు సేవా కేంద్రం వరుసలో నిలబడ్డవాళ్లలో ఒకావిడను చూడండి. వయసు యాభై దాటింది. సేద్యమంతా ఆమెదే, బోరు దగ్గర మోటారు వేసేది ఆమె, వేరుశనక్కాయ విత్తేది ఆమె, కలుపు తీయించేది ఆమె. "మేడమ్, నాకు దుడ్లు పడలేదు" అంటుంది. అక్కడి సహాయకురాలు కంప్యూటర్లో చూస్తుంది. "అవ్వా, పట్టా ఎవరి పేరున ఉంది?" "మా మామ పేరున." "మామ ఉన్నాడా?" "పోయి చాన్నాళ్లైంది." "మరి మీ ఆయన?" "ఆయన కూడా పోయినాడు అమ్మణ్ణీ." రికార్డులో బతికి ఉన్నది చనిపోయిన మామగారే. పొలంలో బతుకుతున్న ఆమె రికార్డులో లేదు.

పౌతి, అంటే చనిపోయినవాళ్ల భూమిని వారసుల పేరున మార్పించుకోవడం, చేయించుకోకపోవడం మన పల్లెల్లో చాలా మామూలు. మరణ ధ్రువపత్రం కావాలి, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం కావాలి, అన్నదమ్ములు, ఆడపడుచులు ఒప్పుకోవాలి, వీఆర్‌ఓ విచారణ జరగాలి, తహసీల్దారు సంతకం పడాలి. అన్నదమ్ముల్లో ఒకరు బెంగళూరులో, ఇంకొకరు చెన్నైలో ఉంటారు. "ఎప్పుడో ఒకసారి అందరం కలిసినప్పుడు చేసుకుందాంలే" అని దాటేస్తారు. ఆ ఎప్పుడో రాకముందే ఇంకొక తరం పోతుంది, వాటాదారులు పెరుగుతారు, పని ఇంకా కష్టమవుతుంది. పీఎం కిసాన్ నిబంధనల్లో 2019 ఫిబ్రవరి 1 తరువాత భూమి కొన్నవాళ్లకు అర్హత లేదు, కానీ యజమాని చనిపోయి వారసత్వంగా వచ్చిన భూమికి ఆ అడ్డు లేదు. అంటే పౌతి పూర్తయితే ఆమెకు దారి ఉంది. ఈ మాట ఆమెకు ఎవరూ చెప్పి ఉండరు, అందుకే ఇక్కడ చెబుతున్నాను.

డీకేటీ భూముల కథ ఇంకొకటి. ప్రభుత్వం ఇచ్చిన పట్టా భూమిని అమ్మకూడదని 1977 చట్టం చెప్పింది. అయినా తెల్లకాగితం మీద రాసుకుని చేతులు మారిన భూములు మన కొండవాలు పల్లెల్లో ఎన్నో. కొన్నవాడు ఇరవై, ముప్పై ఏళ్లుగా రాళ్లు ఏరి, బోరు వేసి, మామిడి పెట్టి ఉంటాడు. పట్టా ఎవరిదో, చెట్టు ఎవరిదో. సాయం పట్టాకే పోతుంది.

అన్నిటికన్నా పెద్ద వెలితి కౌలు రైతు విషయంలో ఉంది. చంద్రగిరికీ తిరుపతికీ మధ్య ఉన్న పొలాలకు ఎంత ధర పలుకుతోందో మీకు తెలుసు. చాలా భూములు ఎప్పుడో ఊరు వదిలినవాళ్ల చేతుల్లో, లేదా ఎప్పటికైనా ప్లాట్లు వేద్దామని కొనుక్కున్నవాళ్ల చేతుల్లో ఉన్నాయి. అప్పటిదాకా భూమి బీడు పడకుండా ఎవరో ఒకరు కౌలుకు చేస్తారు. చామంతి పెట్టేది, టమోటా పెట్టేది, ధర పడిపోతే అప్పు మోసేది ఆ కౌలుదారే. శేషాచలం అడవి నుంచి ఏనుగులు దిగి అరటి తొక్కితే రాత్రంతా టపాకాయలు పట్టుకుని కూర్చునేదీ అతనే. పరిహారం ఫారంలో సర్వే నంబరు పక్కన ఉండే పేరు మాత్రం యజమానిది.

చట్టాలు లేక కాదు. 2011 చట్టం రుణ అర్హత కార్డు ఇచ్చింది. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం 11 నెలల సీసీఆర్‌సీ కార్డు తెచ్చింది. ఆ కార్డు ఉంటే కౌలుదారు పేరున రుణం, బీమా, నష్టపరిహారం రావాలి. అయితే ఆ పత్రం మీద యజమాని సంతకం కావాలి. అక్కడే ఆగిపోతుంది. "ఈ రోజు సంతకం పెడితే రేపు భూమి నాదంటావేమో రా" అని యజమాని భయం. "నేనెందుకంటానన్నా, నీ భూమి నాకెందుకు" అని కౌలుదారు అంటాడే గానీ గట్టిగా అడగలేడు. అడిగితే వచ్చే ఏడాది ఆ పొలం ఇంకొకరికి పోతుంది. ఆ కార్డు భూమి మీద హక్కు ఇవ్వదు, ఆ ఏడాది పంట మీద మాత్రమే ఇస్తుంది అని చట్టంలో స్పష్టంగా ఉంది. ఆ స్పష్టత ఊరిలో లేదు. యజమానులుగా ఈ ప్రసంగం వింటున్నవారు ఎవరైనా ఉంటే వారికి నా మనవి, ఒకసారి ఆ చట్టం చదివి చూడండి. మీ పొలంలో చెమట ఓడ్చినవాడికి మీ సంతకం ఖరీదు లేని సాయం.

తెలంగాణలో 2018 మే 10న రైతుబంధు మొదలైనప్పుడు కూడా ఇదే ప్రశ్న లేచింది. ఎకరాల లెక్కన డబ్బిచ్చారు, భూమి ఎంత ఎక్కువ ఉంటే అంత ఎక్కువ వచ్చింది, కౌలుదారుకు ఏమీ రాలేదు. ఒడిశా అదే ఏడాది చివర్లో కాలియా అనే పథకం తెచ్చి, భూమి లేని వ్యవసాయ కుటుంబాలను కూడా అందులో చేర్చింది. దారి ఉందని అది చూపించింది.

ఐరోపా దేశాలు ఈ బాటలో మనకన్నా ముందు నడిచాయి, మనకన్నా ముందు తడబడ్డాయి. పంట ధరను నిలబెట్టే పద్ధతి నుంచి 1992లో హెక్టారుకు ఇంత అని ఇచ్చే పద్ధతికి మళ్లాయి. 2003 తరువాత పంటతో సంబంధం లేకుండా భూమి ఉంటే చాలన్నట్టు ఇచ్చాయి. ఫలితంగా సాయంలో దాదాపు 80 శాతం సొమ్ము 20 శాతం మందికే చేరుతోందని అక్కడ ఏళ్ల తరబడి విమర్శ నడిచింది. గడ్డి నేల ఉంది కాబట్టి విమానాశ్రయాలు, క్రీడా మైదానాలు కూడా వ్యవసాయ సాయం అడిగే స్థితి వచ్చింది. చివరకు 2013 సంస్కరణల్లో విమానాశ్రయాలు, రైల్వేలు, స్థిరాస్తి సంస్థలు, క్రీడా మైదానాలు నడిపేవాళ్లను ఒక జాబితాగా రాసి మినహాయించాల్సి వచ్చింది. 2023 నుంచి అమల్లో ఉన్న విధానంలో నిజంగా సేద్యం చేసే రైతు ఎవరో ప్రతి దేశమూ నిర్వచించి తీరాలి. తిరుపతి చుట్టూ వెంచర్ల బోర్డులు లేస్తున్న పొలాలను చూసినప్పుడల్లా నాకు ఆ జాబితా గుర్తుకొస్తుంది.

మనకు ఆ నిర్వచనం వెతుక్కోవలసిన పని లేదు. ఈ-క్రాప్ ఉంది. గ్రామ వ్యవసాయ సహాయకులు, ఉద్యాన సహాయకులు పొలానికి వచ్చి ఏ సర్వే నంబరులో ఏ పంట ఉందో నమోదు చేసి, ఫొటో తీసి, రైతు వేలిముద్ర తీసుకునే పద్ధతి ఇది. పంట నష్టానికైనా, ధాన్యం కొనుగోలుకైనా, బీమాకైనా అదే ఆధారం. అది పొలంలో పుట్టే కాగితం. పాసుపుస్తకం భూమి ఎవరిదో చెబుతుంది, ఈ-క్రాప్ పంట ఎవరిదో చెప్పగలదు, సాగుదారు పేరు నిజాయితీగా రాస్తే. పొలానికి పోకుండా పోయిన ఏడాది వివరాలే మళ్లీ ఎక్కిస్తే అది కూడా ఇంకొక పాసుపుస్తకమే అవుతుంది. సిబ్బంది మీద భారం ఎంతుందో నాకు తెలుసు, ఒక్కరే వేల ఎకరాలు చూడాలి. వాళ్లకు మనిషి సాయం ఇవ్వడం కూడా రైతుకు ఇచ్చే సాయమే.

డబ్బు పడలేదన్నవాళ్లలో కొందరి కారణం చాలా చిన్నది. అన్నీ సరిగా ఉన్నా ఖాతా వేరవుతుంది. ఈ చెల్లింపులు ఖాతా నంబరు మీద కాదు, ఆధార్ మీద నడుస్తాయి. మీ ఆధార్ ఏ ఖాతాకు చివరిగా అనుసంధానమై ఉంటే అక్కడికే డబ్బు పోతుంది. డ్వాక్రా కోసమో, గ్యాస్ రాయితీ కోసమో, పిల్లల స్కాలర్‌షిప్ కోసమో ఎప్పుడో తెరిచి మరచిపోయిన ఖాతాలో ఈ 7 వేలు పడి ఉండొచ్చు. బ్యాంకులో అడిగితే ఆధార్ ఎక్కడ కలిసి ఉందో చెబుతారు. ఈకేవైసీ పూర్తయిందో లేదో కూడా చూసుకోండి, వేలిముద్రలు అరిగిపోయిన పెద్దవాళ్లకు ముఖం చూపించి చేసే వీలు ఉంది. అన్నదాత సుఖీభవ ఫిర్యాదులకు 155251, పీఎం కిసాన్‌కు 155261. ఒక్క అంకె తేడా, చూసి నొక్కండి.

రాయితీ అంటే ఖాతాలో పడే డబ్బు ఒక్కటే కాదని కూడా గుర్తుంచుకోవాలి. 2004 మే నుంచి వ్యవసాయ మోటార్లకు ఉచిత కరెంటు ఉంది. మన దగ్గర వెయ్యి అడుగుల లోతు నుంచి నీళ్లు తోడే బోరుకు అది ప్రాణం. 2003లో మొదలైన సూక్ష్మ సాగునీటి పథకం డ్రిప్పు పైపులకు రాయితీ ఇస్తోంది. ఇవి రెండూ మామిడి తోటలను నిలబెట్టాయి. కానీ ఇవీ కాగితాన్ని పట్టుకునే వస్తాయి. కరెంటు సర్వీసు ఎవరి పేరున ఉంటే వారిది. బోరు లేకుండా వాన మీద ఆధారపడి వేరుశనగ వేసే మెట్ట రైతుకు, ఇన్ని రాయితీల్లో దక్కేది తక్కువ: విత్తనం మీద కొంత, కరువొస్తే పెట్టుబడి రాయితీ కొంత. అందుకే అలాంటి రైతుకు ఆ 20 వేలు అందరికన్నా ఎక్కువ అవసరం.

కాబట్టి ఈ వేదిక మీద నుంచి అడగదలచుకున్నవి రెండే. మామిడి సీజన్ మొదలయ్యేలోగా ప్రతి ఫ్యాక్టరీ, ప్రతి ర్యాంపు ఇచ్చే తూకం చీటీ మీద కిలో ధర, డబ్బిచ్చే తేదీ అచ్చు వేసి తీరాలని ప్రభుత్వం ఆదేశించాలి. ఫ్యాక్టరీ తన 8 రూపాయలు జమ చేసిన రుజువు చూపించాకే ఆ ఫ్యాక్టరీకి తరువాతి అనుమతులు ఇవ్వాలి. 2025 సెప్టెంబరులో పండ్ల రసాల పానీయాల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది, ఆ మేలు పరిశ్రమకు అందింది. దానికి బదులుగా చీటీ మీద ఒక అంకె అడగడం పెద్ద కోరిక కాదు. రెండోది, అన్నదాత సుఖీభవ జాబితాను గ్రామ సభలో చదివి వినిపించేటప్పుడు, ప్రతి సర్వే నంబరుకూ పట్టాదారు పేరుతో పాటు ఆ ఏడాది సాగుదారు పేరు కూడా గట్టిగా చదవాలి. ఊళ్లో ఎవరి పొలం ఎవరు చేస్తున్నారో అందరికీ తెలుసు. అక్కడ అబద్ధం నిలవదు.

ఖరీఫ్ ఈ-క్రాప్ నమోదు జరిగే రోజుల్లో సహాయకులు మీ పొలానికి వచ్చినప్పుడు మీరు అక్కడ ఉండండి. మీ పేరు, మీ పంట, మీ విస్తీర్ణం వాళ్లు ఎక్కించాక ఫోనులో చూపించమని అడగండి, చదివి చూసుకున్నాకే వేలు పెట్టండి. చదవడం రానివాళ్లు బడికి పోయే మనవడినో మనవరాలినో వెంట తీసుకుపోండి.